దండ వేసిన కారు, పాలక్యాన్ల సైకిలు

కొత్త కారుకి పూజ చేయిస్తే ప్రమాదాలు జరగవంటారు. శ్రీకూర్మం గుళ్లో పూజ చేయించుకుని వస్తున్న కారే మా మావని గుద్దింది. ఆ హామీ కారులో కూర్చున్నవాళ్లకి మాత్రమేనని అప్పుడు తెలిసింది.

మావ అంటే మా అమ్మ తమ్ముడు. సైకిలుకి రెండు పక్కలా పాలక్యాన్లు తగిలించుకుని శ్రీకాకుళంలో ఇంటింటికీ పాలు పోస్తాడు. ఆ రోజు నేను రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఉన్నాను. మావ తన మానాన రోడ్డు అంచునే పోతున్నాడు. వెనక నుంచి కారొచ్చింది. ముందు అద్దానికి అడ్డంగా బంతిపూల దండ, మిగిలిన చోట పసుపూ కుంకుమా. తోలేవాడికి భక్తి తప్ప మరేమీ కనిపించే వీల్లేదు. మావ కాలవలో పడ్డాడు, పాలు రోడ్డు మీద పడ్డాయి.

కారులోంచి ముందుగా తోలేవాడి తల్లి దిగి, బంపరు తడిమి శోకాలు మొదలుపెట్టింది.

"అయ్యో నాయనా! బొట్టయినా ఆర్నేదు, అప్పుడే సొట్ట పడిపోనాది!"

మావ కుడి భుజం పట్టుకుని కాలవలోనే కూర్చున్నాడు. ఆయనకి ఎవరూ బొట్టు పెట్టలేదు కాబట్టి ఎవరూ చూడలేదు.

మా వైపు యాక్సిడెంటయితే పోలీసుల కంటే ముందు టీ కొట్టు తీర్పు చెబుతుంది. ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టకుండానే తేల్చేశాడు.

"పూజ సేయించిన బండికి అడ్డెల్తావేటిరా?"

"నాను అడ్డెల్లనేదు సిన్నాన్నా. ఈడే ఎనక నుంచి గుద్దీసినాడు," అన్నాడు మావ.

"ఎనకో ముందో. దేవుడి కాడ నుంచి బండొస్తంటే దిగిపోవాల. సైకిలే గదా, దిగడానికేటి?"

నేను ఊరుకోలేదు. "దండ తీసి తోలితే మనిసి కనబడును గదా తాతా."

"నీకు కారు తోలడం వచ్చునేటిరా?"

"నేర్సుకుంటన్నాను."

"అయితే నేర్సుకున్నాక మాటాడు."

మావకి భుజం ఎముక విరిగింది, ఆసుపత్రిలో కట్టు కట్టారు. మావ మళ్లీ సైకిలెక్కగలడో లేదోనని అత్త ఆ కట్టు వంకే చూస్తూ కూర్చునేది. కారువాళ్లు ఆసుపత్రికి వచ్చారు. పళ్లతోపాటు ఒక నిమ్మకాయ కూడా తెచ్చారు, సైకిలుకి కట్టుకోమని. నాకు కంపరం పుట్టింది దానికి కాదు, మావ సరేనన్నందుకు.

"నాదే తప్పేమోరా. బెల్లయినా కొట్టాల్సింది," అన్నాడు.

వెనక నుంచి గుద్దేవాడి కోసం ముందున్నవాడు బెల్లు కొట్టాలట. నవ్వుదామనుకున్నాను, రాలేదు.

పెద్దాయన మాట ప్రకారం నేర్చుకోవడం కొనసాగించాను. సైకిలు ఎదురైతే ఏం చెయ్యాలని డ్రైవింగు స్కూలు మాస్టారిని అడిగాను. ఆయన బ్రేకు పేరెత్తలేదు.

"హారన్ కొట్టు. తప్పుకోవడం ఆడి పని."

"మరి సైకిలోడికి నేర్పేదెవులండీ?"

"ఆడికి నేర్పేదేటి? రోడ్డే నేర్పుతాది."

మావ కట్టు విప్పారు. తర్వాత ఒక రోజు మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని అదే రోడ్డు మీద తోలుతున్నాను. ముందర రెండు పాలక్యాన్లు, వాటి మధ్య మావ వీపు. సైకిలెక్కాడు! అత్తకి వెంటనే చెప్పాలనిపించింది.

ఇంతలో మాస్టారు చెయ్యి చాచి హారన్ మీద పెట్టారు, తియ్యలేదు.

మావ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. దిగిపోయాడు. బాగుపడీ పడని భుజంతో సైకిలుని క్యాన్లతో సహా కాలవ గట్టు మీదికి ఈడ్చుకుపోయి, తల వంచుకుని నిలబడ్డాడు. హ్యాండిలుకి ఎండిన నిమ్మకాయ వేలాడుతోంది.

"సూసినావా?" అన్నారు మాస్టారు మెచ్చుకోలుగా. "ట్రైనింగంటే అలాగుండాల."

బ్రేకు తొక్కాను. ఆయన పెద్దగా నేర్పని విద్య కాబట్టి బండి గట్టిగా ఒక కుదుపిచ్చి ఆగిపోయింది. దిగి గట్టు దగ్గరికి వెళ్లాను. మావ తలెత్తి నన్ను గుర్తుపట్టాడు. మొహమంతా నవ్వు.

"ఓరి, నువ్వేటిరా! ఎవులో అనుకున్నాను. ఆగినావేటి? ఎల్లు, ఎల్లు. నాను తప్పుకున్నాను గదా."