సెల్యూట్ పెద్దాయన జగ్గు

నర్సింగ్ రెండో సంవత్సరం చదివే ఆ రోజుల్లో, చార్టులో రాసిందే నిజమని, రాయనిది అసలు జరగనే లేదని నాకు గట్టి నమ్మకం. (మా టీచరమ్మ చెప్పిన మాటే అది. ఆవిడ ఉద్దేశం వేరని తెలియడానికి ఒక పెద్దమనిషి ప్రాణం మీదికి తెచ్చాను.) నిజాంపేట హాస్టల్లో పొద్దున్నే యూనిఫారం ఇస్త్రీ చేసుకుని, షేర్ ఆటోలో ఇరుక్కుని మదీనాగూడ దగ్గరి ఆసుపత్రికి వెళ్లేదాన్ని. పేషెంట్ల సంగతేమో గానీ, నా చార్టులు మాత్రం చూడముచ్చటగా ఉండేవి. గీతలు కూడా స్కేలు పెట్టి గీసేదాన్ని.

ఆ వానాకాలం డెంగీ వార్డులో నాకు అప్పగించిన పేషెంటు ఒక ఐటీ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. అలవాటు కొద్దీ మంచం మీద నుంచే డాక్టరుకీ, నాకూ, చివరికి భోజనం బండి తోసుకొచ్చే ఆయాకీ సెల్యూట్ కొట్టేవాడు. అందుకే వార్డంతా ఆయన్ని సెల్యూట్ పెద్దాయన అనేవాళ్లం. డాక్టరుగారి ఆజ్ఞ ఒక్కటే: ఆయన చేత బాగా తాగించాలి, ఎంత తాగాడో, మూత్రం ఎంత పోశాడో కొలిచి రాయాలి. నేను కొలత జగ్గు నిండా మజ్జిగో, ఓఆర్ఎస్ నీళ్లో పోసి బల్ల మీద పెట్టి వెళ్లేదాన్ని. గంట తర్వాత వచ్చి చూస్తే జగ్గు ఖాళీ. అంత బుద్ధిమంతుడైన పేషెంటు దొరికినందుకు మురిసిపోయి, మొత్తం ఆయన పేరునే రాసేసేదాన్ని.

రెండో రోజు మధ్యాహ్నం డాక్టరుగారు నా చార్టు చూసి ముఖం చిట్లించారు. లోపలికి వెళ్లింది రెండువేల ఆరువందల మిల్లీలీటర్లు, బయటికి వచ్చింది నాలుగువందలు. "ఈ నీళ్లన్నీ ఒంట్లో ఎక్కడో కారిపోతున్నట్టున్నాయి. ఐసీయూకి మార్చండి" అంటూ ఫోన్ తీశారు. మణికొండలో అపార్టుమెంట్లు ఊడ్చి నేరుగా వచ్చిన పెద్దాయన భార్య నా చెయ్యి పట్టుకుంది. "ఏమైతుంది బిడ్డా? పొద్దుగాల మంచిగనే మాట్లాడిండు గదా!"

ఇన్‌ఛార్జి సిస్టర్ (మా గోదావరి జిల్లా ఆవిడే, అయినా నా మీద వీసమంత కనికరం ఉండేది కాదు) పెద్దాయన పొట్ట నొక్కి, కాళ్లు చూసి, "వాపేమీ లేదు కదండీ డాక్టరుగారూ" అన్నారు. నా వైపు తిరిగి, "నాలుక చూశావా?" అన్నారు. చూడలేదు. చార్టులో నాలుకకి గడి లేదు మరి! ఆవిడ ఆయన నోరు తెరిపించారు. నాలుక ఎండి పెచ్చు కట్టి ఉంది. "రెండున్నర లీటర్లు తాగిన నాలుకా ఇది? నిజం చెప్పండి, ఆ జగ్గు ఎవరు తాగుతున్నారు?"

పెద్దాయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత గేటు దగ్గర నిలబడ్డట్టు మెడ నిటారుగా పెట్టి, "నేనే మేడం. మొత్తం నేనే తాగిన" అన్నాడు.

ఆ చూపు నాకు అర్థమైంది. ముందురోజు ఆయన "పొద్దుగాల నుంచి నిలబడే ఉన్నవ్, జర తాగు బిడ్డా" అని రెండుసార్లు గ్లాసు చేతికిస్తే, నేను మొహమాటానికి కూడా వద్దనకుండా తాగాను. (అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ.) మూతి తుడుచుకుని, అదీ ఆయన పేరునే రాశాను. ఇప్పుడు నన్ను కాలేజీ నుంచి పంపించేస్తారని, ఆయన ఐసీయూకి పోవడానికైనా సిద్ధపడ్డాడు. నోరు విప్పితే నా చదువు, విప్పకపోతే ఆయన ప్రాణం.

"సర్, అందులో రెండు గ్లాసులు నేను తాగాను" అన్నాను, ఏడుస్తూ.

పక్క మంచమాయన మెల్లగా గొంతు సవరించుకుని, "నాకు గూడ నాలుగు గ్లాసులు ఇచ్చిండు సార్" అన్నాడు. అతనికి తోడుగా ఉన్న తమ్ముడు చెయ్యెత్తాడు. ఆయా తల వంచుకుంది. పెద్దాయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరి వాటాలూ తీసేస్తే పెద్దాయనకి మూడు గ్లాసులు కూడా మిగల్లేదు. "మనుషులు ఎదురుంగ కూసుంటే ఒక్కన్నే ఎట్ల తాగుత సార్?" అన్నాడాయన, తప్పంతా తనదే అన్నట్టు. డాక్టరుగారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. "సాయంత్రం దాకా చూద్దాం. ఈ అమ్మాయే పక్కన కూర్చుని తాగించాలి."

కూర్చున్నాను. నేను తాగనిదే ఆయన తాగడు. చివరికి నా సీసాలో నీళ్లు నేను, గ్లాసులో ఓఆర్ఎస్ ఆయన, గుటకకు గుటక వంతున తాగాం. సరిగ్గా అందరి చుట్టాలూ వచ్చే వేళకి పెద్దాయన మూత్రం పోశాడు. కొలిస్తే మూడువందల యాభై! ఆ మూత్రం సీసాని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, "సిస్టర్, వచ్చింది! వచ్చింది!" అని వార్డు ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తాను. యాపిల్ పళ్ల సంచులతో వచ్చినవాళ్లు గోడలకి అతుక్కుపోయారు. సిస్టర్ తిట్టారు. తిడుతూనే నవ్వారు. నన్ను ఎవరూ ఎక్కడికీ పంపించలేదు.

ఇప్పుడు నేనూ ఒక వార్డుకి ఇన్‌ఛార్జినే. ఎందరో కోలుకుని ఇళ్లకు వెళ్లడం చూశాను, సంతోషించాను. కానీ అంత పిచ్చిగా సంబరపడి పరుగెత్తింది మాత్రం ఆ ఒక్క సాయంత్రమే. ఆనాటి ఆ పిల్ల ఇప్పుడు నా వార్డులో అలా ఎదురొస్తే, ఆపను. పక్కకి తప్పుకుని దారిస్తాను. కాకపోతే, ముందు ఆ సీసాకి మూత పెట్టుకోమంటాను.