పులుసు పోసి యంత్రాన్ని ఎంచిన రోజు

మీకు ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు మీరు చెప్పగలరు. ఆ బల్ల మీద మీ ఒంట్లోంచి తోడేసిన రక్తాన్నీ చీమునీ మోసుకెళ్ళి పారబోసిన మనిషి ఎవరో చెప్పగలరా?

నేను చెప్పగలను. మామ. పంతొమ్మిది వందల డెబ్బైలలో, అరబ్బు దేశంలో మత్రా రేవు కనిపించే ఒక చిన్న ఆస్పత్రిలో నేను థియేటర్ టెక్నీషియన్‌ని. ఆ రోజుల్లో నాకు వాదన దొరికితే అన్నం అక్కర్లేదు (ఇప్పుడు అన్నం అరిగితే అదే చాలు). కరీంనగర్ వైపు నుంచి వచ్చి అక్కడ క్లీనరుగా చేరిన, నాతో ఒకే రూమ్‌లో ఉండే మామ, ఆపరేషన్ కాగానే పీల్చే యంత్రం కింద నిండిన సీసాని పొదువుకుని మెట్లు దిగి వెనక గుంటలో పోసేవాడు. సీసాకి మూత లేదు. ఒలికిందంతా ఆయన కాళ్ళ మీదే. అప్పటికే ఒకసారి కామెర్లొచ్చి మంచం పట్టాడు. కొత్త యంత్రం కోసం రెండు నమూనాలు తెప్పించారు. ఒకటి తళతళలాడే పొడుగాటిది. మూత యంత్రానికే ఉండిపోతుంది, పెద్ద సీసా నోరు తెరుచుకునే బయటికొస్తుంది. రెండోది కుట్టుమిషన్‌లా మోత పెట్టే కురచది. సీసాలు చిన్నవి, బిగించే మూతలున్నాయి. హైదరాబాదు నుంచి వచ్చిన మా పెద్ద డాక్టరుగారికి తళతళే నచ్చింది.

"పరీక్షకు నిలవనిది దేవుడైనా యంత్రమైనా నాకొకటే సార్," అన్నాను. రక్తమంత చిక్కగా ఉండాలని, మామ శుక్రవారం వండిన చేపల పులుసు ముక్కలు తీసేసి వరండాలోకి పట్టుకొచ్చాను.

"అల్లుడా, గది మనం తినేటిది."

"సైన్సు కోసం మామా."

"సైన్సుకు ఆకలైతదా?"

తళతళ యంత్రం రెండు గుక్కలు పీల్చి గొంతు పట్టుకుంది. మామ ఊరినుంచి ఎండబెట్టి తెచ్చుకున్న కరివేపాకు గొట్టానికి అడ్డం పడింది. నేను గర్వంగా చూశాను. "మనిషి పొట్టలో కరివేపాకు ఉండదు మియా," అన్నారు డాక్టరు. నిజమే. వడగట్టి పోస్తే రెండూ సమానంగా పీల్చాయి. "ఇదే తీసుకుందాం," అంటూ ఆయన మురిపెంగా ఆ పెద్ద సీసా తానే ఎత్తుకుని మెట్ల వైపు నడిచారు. "నేను తెస్త సార్, మీకు అలవాటు లేదు," అని మామ వెంటపడ్డాడు. "ఇందులో ఏముందయ్యా" అనేలోపే మొదటి మెట్టు దగ్గర సీసా ఒరిగి, పులుసు తెల్లకోటు మీదుగా బూట్లలోకి దిగింది. ఆయన అక్కడే నిలబడి తన కాళ్ళ వైపు చూసుకున్నారు, తర్వాత మామ కాళ్ళ వైపు చూశారు. కురచ యంత్రమే కొన్నారు.

ఆ మధ్యాహ్నం రూమ్‌లో పులుసు లేని ముక్కలు తిన్నాం. "గెలిచినవ్ గదా, నమిలి మింగు," అన్నాడు మామ. ఆ వెక్కిరింపు కోసం, కిటికీలోంచి వచ్చే ఆ ఉప్పుగాలి కోసం నా మనసు ఇప్పటికీ కొట్టుకుంటుంది. వాదించడానికి ఎదురుగా ఎవరూ లేని ఈ వయసులో, నా అంతటి తార్కికుణ్ణి ఒక మెట్టు ఓడించిందని తల్చుకుని నవ్వుకుంటాను. మీలో ఎవరైనా ఆస్పత్రికి సామాను కొనే బల్ల దగ్గర కూర్చుంటే, సంతకం పెట్టకముందు లేవండి. నిండు సీసా ఎత్తుకుని మీరే మెట్లు దిగండి.