కొననివ్వని అమ్మకందారు

రాజమండ్రిలో నేను డీటీపీ షాపు నడిపే రోజుల్లో, మాకు కంప్యూటర్లు అమ్మే ఆయన ఒకరుండేవారు. స్పీడు గురించి ఎవరు వాదించినా చేతివాచీ విప్పి కీబోర్డు పక్కన పెట్టి, "చూసేద్దామండి" అనేవారు.

ఆ మాఘమాసం నా పెంటియం టూ కంప్యూటరు ఒకటే మూలుగు. ఎదుట కూర్చున్న పెళ్లికూతురి తండ్రేమో, "సాయంత్రానికి శుభలేఖ ప్రూఫు చూపించకపోతే కాకినాడలో వేయించుకుంటానండి" అనేశారు. నేను కంగారుగా కంప్యూటర్ల ఆయనకి ఫోన్ చేసి పెంటియం త్రీ తెమ్మన్నాను. ఆయన అది తేకుండా చిన్న చేతిసంచితో వచ్చారు.

"దాంతో స్పీడు ఎంత పెరుగుతుందంటారు?" అని అడిగారు.

"రెట్టింపండి! పత్రికలో రాశారు" అని రెట్టించాను.

"మీ పనికి పావువంతు పెరిగినా గొప్పే" అంటూ వాచీ విప్పారు.

వినాయకుడి బొమ్మున్న పేజీ తెరిచాం. అరగంట పడుతోందని నేను ఊరంతా చెప్పుకుంటున్న పని నాలుగు నిమిషాల్లో తేలింది. అంతసేపూ హార్డ్ డిస్క్ గరగరలాడుతూనే ఉంది.

"మీ పెంటియం అనే వంటవాడు చురుకైనవాడేనండి. మెమరీ అనే వంటగట్టే ఇరుకు. ప్రతి గిన్నెకీ కొట్టుగదిలోకి పరిగెడుతున్నాడు. కొత్తవాణ్ణి పెట్టినా ఇదే పరుగు" అని, సంచిలోంచి మెమరీ ముక్క తీసి బిగించారు.

ఈసారి పేజీ నిమిషంలోపే తెరుచుకుంది. పెళ్లికూతురి తండ్రి ముహూర్తం రెండుసార్లు చదువుకుని, "ఇక్కడే వేసేయండి" అన్నారు. నా ప్రాణం కుదుటపడింది.

"మీ బేరం మీరే చెడగొట్టుకున్నారేంటండీ?" అని అడిగాను.

"రోజూ మీ షాపు ముందునుంచే కదండీ నేను ఇంటికెళ్లాలి" అన్నారాయన.