పండ్ల పాఠం చెప్పినోడి పన్ను

ఆ రోజుల్లో ఏ విషయం మీదైనా పది నిమిషాలు తడుముకోకుండా మాట్లాడగలిగేవాణ్ణి. డిగ్రీ అయ్యాక నాలుగు పోటీ పరీక్షలు రాసి, ఒక్కదాంట్లోనూ గట్టెక్కక, విద్యానగర్‌లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరాను. నోటి, పండ్ల ఆరోగ్యం గురించి జనానికి చెప్పి, ఆదివారాలు చిక్కడపల్లిలో పెట్టే ఉచిత దంత వైద్య క్యాంపుకు వాళ్లను రప్పించడం నా పని. ఒక ప్లాస్టిక్ దవడ, మూరెడు బ్రష్షు చేతికిచ్చి అశోక్‌నగర్ హాస్టళ్ల మీదికి వదిలారు. (దవడను ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంటే పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.)

హాస్టళ్ల నిండా గ్రూప్స్‌కు చదివే కుర్రాళ్లు. నేను దవడ తెరిచి చెబుతుంటే శ్రద్ధగా వినేవారు, నోట్స్ కూడా రాసుకునేవారు. చివర్లో మాత్రం ఒకటే ప్రశ్న: "అన్నా, ఇది సిలబస్‌ల ఉన్నదా?" లేదనగానే లేచిపోయేవారు. మూడు ఆదివారాలు క్యాంపుకు ఇద్దరు ముగ్గురికి మించి రాలేదు. నాలుగోసారి కూడా ఇట్లాగే అయితే క్యాంపు ఎత్తేస్తామని, నేను వేరే పని చూసుకోవాల్సి ఉంటుందని క్యాంపు నడిపే మా డాక్టరమ్మ మెల్లగానే చెప్పారు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నా ఎడమ దవడ పన్ను ఆర్నెల్లుగా పుచ్చిపోయి ఉంది. భయపడకుండా డాక్టర్‌కు చూపించుకొమ్మని ఊరందరికీ చెప్పే నేనే క్యాంపులో పన్ను పీకే కుర్చీకి ఆమడ దూరంలో తిరిగేవాణ్ణి. లవంగం పెట్టుకుని నెట్టుకొస్తున్నాను.

ఆ నాలుగో ఆదివారం పొద్దున, ఒక హాస్టల్ మెస్‌లో టిఫిన్ వేళకు మాట్లాడుతున్నాను. గొంతెండితే ఎవరో ఫ్రిజ్ నీళ్లిచ్చారు. ఒక్క గుక్క తాగి, చెంప పట్టుకుని బల్ల మీద కూలబడ్డాను. అదీ పాఠంలో భాగమే అనుకుని కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. వంట చేసే అక్క మాత్రం గరిటె పక్కన పెట్టి వచ్చి నోరు తెరవమంది. తెరిచాను. చాలాసేపు చూసింది.

"ఏంది తమ్మీ, మాకేమో ఇన్ని చెప్తివి. నీ నోట్లనే గింత బొక్క పెట్టుకున్నవ్?"

"భయమక్కా," అన్నాను. ఆ నెలంతా నేను చెప్పిన వాటిలో అంతటి నిజం ఇంకోటి లేదు.

"నాకు గూడ భయమే. రెండేండ్ల సంది ఒకటి నొస్తనే ఉన్నది. నడువు, ముందు నువ్వు కూసో. నువ్వు మంచిగ లేస్తే నేను కూసుంట."

చెయ్యి పట్టుకుని చిక్కడపల్లి దాకా నడిపించింది. నా పన్ను ఎట్లా పీకుతారో చూద్దామని ఇరవై మంది దాకా పుస్తకాలు మూసి వెంట వచ్చారు. డాక్టరమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. సూది వేసి, మొద్దుబారాక పీకేశారు. కళ్లు తెరిచేసరికి అక్క మొహం ఎదురుగా, ఆమె చెయ్యి నా భుజం మీద ఉన్నాయి. నొచ్చిందా అని అడిగింది. వంకరపోయిన నోటితో లేదన్నాను. అది అబద్ధం కానందుకు నాకే ఆశ్చర్యం. అక్క కొంగు బిగించి కుర్చీ ఎక్కింది. వెనక కుర్రాళ్లు వరుస కట్టారు. మధ్యాహ్నానికి పేషెంట్ల పేర్లు రాసే చీట్లు అయిపోయాయి. క్యాంపూ నిలిచింది, నా ఉద్యోగమూ నిలిచింది. (రిపోర్టులో మాత్రం 'ఇంటింటి ప్రచారం ఫలితం' అని రాశాను.)

ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకు నేనే శిక్షణ ఇస్తున్నాను. మొన్న నారాయణగూడలో ఒకాయన బండి ఆపి పలకరించాడు. ఆ హాస్టల్లో చదివి ఉద్యోగం కొట్టినవాడే. నేను చెప్పినదాంట్లో ఏమైనా గుర్తుందా అని ఆశగా అడిగాను.

"అదైతే యాదికి లేదన్నా. నువ్వు కుర్చీల కండ్లు గట్టిగ మూసుకున్నది యాదికున్నది."

ఆయన వెళ్లిపోయాక, అప్పటి నన్ను, కుర్చీలో కళ్లు మూసుకున్న ఆ పిల్లవాణ్ణి తలచుకుంటే జాలేసింది. ఎవరైనా వాడి భుజం మీద చెయ్యి వేసి ఉంటే బాగుండేదనిపించింది. నాలుగడుగులు వేశాక గుర్తొచ్చింది, ఆ రోజు అక్క వేసే ఉంది.