డ్రైవరుకి కుట్టిన సీటు

బస్సులకీ లారీలకీ సీట్లు కుట్టే ఆయనకి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. అన్నం తింటున్నా మోకాలు ఆడిస్తూనే ఉంటాడు. అందుకే చిన్ననాటి స్నేహితుడు అతనికి చక్రం అని పేరు పెట్టాడు. ఆ స్నేహితుడు లారీ డ్రైవరు. బతుకంతా రోడ్ల మీద తిరిగినవాడు ఇప్పుడు గుండె జబ్బుతో మంచాన పడ్డాడు.

చక్రం చూడటానికి వెళ్లాడు. వెళ్లిన మాటేగానీ, ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది. పడుకుంటే ఊపిరాడదని డ్రైవరు రాత్రీ పగలూ తలగడలకి ఆనుకుని కూర్చునే ఉంటున్నాడు. మాట మధ్యలో ఆగి గాలి పీల్చుకుంటుంటే చక్రం చూపు గుమ్మం వైపు పోయింది.

"కొట్లో పనుందిరా, మళ్లీ వస్తా" అని లేచాడు.

చెప్పులేసుకుంటుంటే లోపల్నుంచి మాట వినిపించింది. "పనీ లేదు పాడూ లేదు. నన్ను చూస్తే భయం వాడికి."

ఆ మాట నిజం కాబట్టే గుచ్చుకుంది. తర్వాత ఏ పనీ సాగలేదు. కుట్టు వంకర పోయేది. విప్పి కుడితే మళ్లీ వంకర. కత్తెర చేతిలో పెట్టుకుని కత్తెర కోసం వెతికేవాడు.

"వెళ్లి కాసేపు ఊరికే కూర్చుని రావడానికి మీకేం కష్టం?" అంది భార్య.

"ఊరికే కూర్చోవడమే కష్టం."

"పాపం, ఆయన చేస్తున్నది అదేగా!"

చక్రం చేతిలో కత్తెర పక్కన పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాడు. డ్రైవరు భార్య తలగడలు సర్దుతోంది. "ఇలా సర్దుతానా, అలా జారిపోతాయి అన్నయ్యా. ఈయనకి కన్నంటుకోదు, నాకూ అంతే."

చక్రం జేబులోంచి టేపు తీసి స్నేహితుడి వీపు కొలవడం మొదలుపెట్టాడు.

"ఏంట్రా, కోటు కుడతావా?"

"నోర్మూసుకుని నిటారుగా ఉండు."

"ఉండగలిగితే నీతో పనేముంది?"

మంచం మీద ఒరిగి కూర్చునేలా దళసరి స్పంజీని వాలుగా కోసి, రెండు పక్కలా చేతులు ఆనించుకునే దిండ్లు పెట్టి, పైన రెక్సిన్ బిగించి పట్టుకొచ్చాడు. ఒక్క పూటకే డ్రైవరు వీపు చెమటతో దానికి అంటుకుపోయింది.

"లారీలో సరిపోలేదా, ఇంట్లోనూ ఇదేనా? తీసుకుపోరా బాబూ!"

చక్రానికి ఒళ్లు మండింది. గొణుక్కుంటూ కొట్టుకి మోసుకుపోయి రెక్సిన్ ఒలిచేశాడు. ఇంట్లో పాత నూలు దుప్పట్లు ముందేసుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్లూ బండివాళ్లు అడిగిన నలుపో గోధుమరంగో కుట్టాడు తప్ప, తనకి నచ్చింది కుట్టిన పాపాన పోలేదు. కొత్త తొడుగు కోసం వాటిని కత్తిరించి, ఒక ముక్క పక్కన ఇంకోటి కుట్టి చూశాడు, నచ్చలేదు. విప్పాడు. మళ్లీ కుట్టాడు. నీలం పక్కన ఎరుపు, దాని పక్కన పసుపు, కింద చారల గుడ్డ. పక్కన కళ్లజోడుకి ఒక జేబు. కింద కాలు ఆడుతూనే ఉంది గానీ, చేతులకి మాత్రం తొందర లేదు.

ఈసారి దాన్ని మంచం మీద కిటికీ వైపు తిప్పి పెట్టాడు. వీధిలో వచ్చేపోయే బండ్లు కనిపిస్తాయి. డ్రైవరు వెనక్కి వాలాడు.

"ఎలా ఉంది?"

డ్రైవరు అప్పటికే నిద్రపోయాడు. ఆయన భార్య కళ్లు తుడుచుకుని, చప్పుడు కాకుండా పక్క గదిలోకి వెళ్లి తనూ నడుం వాల్చింది.

చక్రానికి వెళ్లిపోవాలనిపించింది. కదిలితే కుర్చీ కిర్రుమంటోంది. మోకాలిని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. స్నేహితుడి ఊపిరి ఆగి ఆగి వస్తోంది. తన ఊపిరి అడక్కుండానే వస్తోంది, పోతోంది. ఇన్నేళ్లలో దాని సంగతే పట్టించుకోలేదు. పనిచేసే ఈ చేతుల్నీ అంతే. ఎవరికి చెప్పాలో తెలియని కృతజ్ఞత ఏదో కలిగింది. కుదురు రాలేదు గానీ, లేచి మాత్రం పోలేదు.

జబ్బు తగ్గలేదు. డ్రైవరు చిక్కిపోతున్నకొద్దీ చక్రం వచ్చి స్పంజీ ఎత్తు సరిచేస్తున్నాడు. సరిచేసేదేం లేని రోజున కూడా వస్తున్నాడు.

"ఆ పసుపు ముక్క నా కళ్లలో పొడుస్తోందిరా" అన్నాడు డ్రైవరు ఒకరోజు, దానికే వీపు ఆనించి.

"మారుస్తా. కాస్త ముందుకి వంగు" అంటూ చక్రం సూదిలో దారం ఎక్కించాడు.