చేటెడు తవుడు

నా చిన్నప్పుడు మా వీధిలో నిలబడి ‘తవిటమ్మా’ అని ఒక్క కేక వేస్తే మూడు గుమ్మాల్లోంచి మూడు తలలు బయటికొచ్చేవి. వాటిలో అన్నిటికంటే చిన్న తల నాది. ఆమదాలవలసకి నడిచి వెళ్లేంత దూరంలో, వరి చేల మధ్య ఉండేది మా ఊరు. తవిటమ్మలు, తవిటయ్యలు, నూకమ్మలు, పెంటయ్యలు ఇంటికొకరైనా ఉండేవాళ్లు. ఇప్పుడు అదే వీధిలో గొంతు చించుకుని పిలిచినా పలికేది నేనొక్కదాన్నే. బడి హాజరుపట్టీల్లోంచి ఆ పేరు ఎప్పుడు రాలిపోయిందో ఎవరూ గమనించలేదు. బ్యాంకులో కుర్రాళ్లు నా కాగితం చూసి, “అమ్మా, ఈ పేరుకి అర్థం ఏంటండీ?” అని అడుగుతుంటారు. నేను ఒక్కొక్కరికి ఒక్కో కథ చెబుతాను. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పకపోవడం నాకు వ్రతం.

అర్థం మాత్రం చాలా చిన్నది. తవుడు అంటే బియ్యం మీదనుంచి రాలే పొడి. గేదె కుడితిలో కలిపేది. అంతే.

ఆరో తరగతికి పట్నం హైస్కూల్లో చేరాకే ఆ అర్థం నాకు తగిలింది. హాజరు పిలిచేటప్పుడు నా పేరు రాగానే వెనక బెంచీ నుంచి గేదె అరుపు వినిపించేది. మొదటి వారం ఏడ్చాను. రెండో వారానికి కథ అల్లేశాను. తవిటమ్మ అంటే పూర్వం కళింగ దేశంలో ఏనుగుల సైన్యాన్ని నడిపిన రాణి అనీ, యుద్ధానికి ముందు ఏనుగులన్నిటికీ తన చేత్తోనే తవుడు పెట్టేదనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ చెప్పాను. ఆవిడ కత్తి మా ఇంటి అటక మీద ఉందని కూడా అన్నాను. ఆదివారం నాడు నలుగురు పిల్లలు నిజంగానే చూడడానికి వచ్చారు. తుప్పుపట్టిన కత్తిపీటకి పాత చీర చుట్టి, వేళ్లు తగిలితే శాపం తగులుతుందని చెప్పి, దూరం నుంచే చూపించాను. ముగ్గురు నమ్మారు. నాలుగో పిల్ల వాళ్లింట్లో కూడా కత్తిపీట ఉందట. సోమవారం నుంచి వెనక బెంచీలో రెండు గేదెలు అరవడం మొదలుపెట్టాయి.

మా క్లాసు మాస్టారు దయగల మనిషి. ఒకరోజు నన్ను పిలిచి, పేరు మార్చుకోవాలని ఉంటే రికార్డు పై ఆఫీసుకి వెళ్లేలోగా, అంటే వచ్చే సోమవారంలోగా, ఇంట్లో పెద్దవాళ్ల చేత కాగితం మీద సంతకం పెట్టించుకు రమ్మన్నారు. ఆ సాయంత్రం ఇంటికి నడవలేదు, ఎగిరాను. దారిలోనే పేరు కూడా ఎంచుకున్నాను. మాధురి.

మా నాన్న కాగితం చూసి, మీ అమ్మనడుగు అని చేలోకి వెళ్లిపోయాడు. అమ్మ పొయ్యి దగ్గరనుంచి కదల్లేదు. కాగితం వైపు కూడా చూడలేదు.

“ఆ పేరు మాది కాదు. పక్కింటోలు ఎట్టినారు. ఆలనడుగు, పో.”

ఈ మాట నాకు కొత్త కాదు. ఊరి పండక్కి నాకు కొత్త గౌను వేసి, దారిలో ఎవరైనా మీ అమ్మాయి ముచ్చటగా ఉందంటే చాలు, “మాది కాదమ్మా, పక్కింటోల గుంట” అనేది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. విన్నవాళ్లు నవ్వేవాళ్లు. నేను కూడా నవ్వేదాన్ని. తమ్ముణ్ణి మాత్రం ఎప్పుడూ అలా అనలేదు. బహుశా నేను నిజంగానే వీళ్ల పిల్లని కాదేమో అని అప్పటికే చాలాసార్లు అనుకున్నాను.

మర్నాడు బడినుంచి వస్తుంటే వీధి చివరి తవిటమ్మ కలిసింది. నాకంటే ఐదేళ్లు పెద్దది. పేరు మార్చుకుంటానని చెబితే పకపకా నవ్వింది.

“ఎలా మార్సుతావే? తెలీదేటి నీకు? మనల్ని తవుడికి అమ్మేసినారే. నిన్ను పక్కింటి అత్త కొనుక్కున్నాది. నన్ను మా పెద్దమ్మ కొన్నాది. కొన్నోలదే పేరు.”

అంతకు మించి దానికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేనట్టుంది, జామకాయ కొరుక్కుంటూ వెళ్లిపోయింది. అంటే అమ్మ ఇన్నాళ్లూ వేళాకోళం ఆడలేదన్నమాట. గేదె తినే తవుడికి నన్ను అమ్మేసింది.

పదేళ్ల బుర్ర ఎంత సూటిగా పనిచేస్తుందో చూడండి. తవుడికి కొన్నారు కాబట్టి, తవుడు తిరిగి ఇచ్చేస్తే బేరం రద్దయిపోతుంది. అప్పుడు పేరు నాది, నేను అమ్మదాన్ని. శనివారం పొద్దున్నే రైసుమిల్లుకి వెళ్లి, మా గేదెకి కవల దూడలు పుట్టాయనీ, అది మూడు రోజులుగా మేత ముట్టడం లేదనీ కన్నీళ్లు పెట్టుకున్నాను. మిల్లు తాత జాలిపడి బుట్టనిండా తవుడు పోశాడు. మాకు అప్పట్లో గేదె లేదు.

పక్కింటి అత్త అరుగు మీద కూర్చుని ఉలవలు చెరుగుతోంది. వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య నడుమెత్తు దడి ఒక్కటే అడ్డం. నేను నేరుగా వెళ్లి గుమ్మం ముందు ఒంపడానికి బుట్ట ఎత్తాను.

“ఇదిగో నీ తవుడు. నా పేరు నాకిచ్చీ. మా యమ్మని నాకిచ్చీ.”

అత్త చేతిలోని చేట ఎటు పోయిందో తెలియదు. ఉలవలు అరుగంతా దొర్లాయి. ఆ మనిషి అంత వేగంగా లేవడం నేను అంతకు ముందుగాని ఆ తర్వాతగాని చూడలేదు. బుట్ట అంచుని రెండు చేతులా పట్టుకుని బిగించేసింది.

“ఒలమ్మో, ఒలమ్మో! ఒంపకే గుంటా! నీకు దండం ఎడతాను, ఒక్క పలుకు కూడా రాల్సకే!”

ఆ కేకకి అమ్మ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది. చేతులనిండా అలుకు పేడ. దడి దగ్గరకొచ్చి ఆగిపోయింది. బుట్ట చూసింది, నన్ను చూసింది. ఆ ముఖంలో రంగు ఎలా పోయిందో నేను ఈ రోజుకీ చెప్పలేను. ఇన్ని కోతలు కోసే నాకు అక్కడ మాత్రం పోలిక దొరకదు.

అత్త నన్ను ఒళ్లోకి లాక్కుని, బుట్టని తన కాళ్ల మధ్య బిగించుకుని, చిన్న గొంతుతో చెప్పింది. నాకు ముందు అమ్మకి ముగ్గురు పుట్టారట. ఒకడు పదకొండు రోజులు ఉన్నాడు. ఒకత్తి నెల ఉంది. మూడోవాడికి పేరు పెట్టే వేళ కూడా రాలేదు. నేను పుట్టిన మూడోనాటి పొద్దున్న వీధి వీధంతా ఈ దడి దగ్గర చేరిందట. అమ్మ నన్ను ఎత్తుకుని అటు, అత్త చేటలో తవుడు పోసుకుని ఇటు. సంతలో మేకపిల్లని బేరమాడినట్టు అత్త నాకు వంకలు పెట్టిందట. నల్లగున్నాది, ముక్కు సప్పిడి, ఏడుపు సూస్తే పిల్లికూన, దీనికి సేటెడు తవుడే ఎక్కువ అని గట్టిగా అరిచిందట.

“మీ యమ్మ కంట సుక్క రానీనేదే. ‘ఎంతిచ్చినా సాలు, తీసుకుపో, మాకొద్దు’ అన్నాది. వీదంతా సాచ్చికం పలికినారు. అందరం కలిసి ఆడినాము అబద్దం.”

ఎవరితో అబద్ధం అని అడిగాను. అత్త పేరు పెట్టి చెప్పలేదు. గడ్డం ఎత్తి దక్షిణం వైపు చూపించింది.

“పనికిరాని సరుకని ఆయన ఒగ్గెయ్యాల కదా. ఆ ఇంట్లో బిడ్డే నేదు, ఆయనెందుకు రావాల?”

ఆర్నెల్లు నేను అత్త అరుగు మీదే పెరిగానట. అమ్మ పూటపూటకీ దడి దాటి వచ్చి, ‘పక్కింటోల గుంటకి పాలిచ్చి ఎల్తాను’ అని వీధి వినేలా చెప్పి, నాకు పాలిచ్చేదట. మరి ఆ తవుడు ఏమైందని అడిగాను. అత్త గొంతు ఇంకా తగ్గించింది.

“మీ యమ్మ తినీసినాది. బెల్లం నంజుకుని, మూడు రోజులు, సేటెడూ తినీసినాది. మిగిల్తే ఎవులైనా తిరిగిచ్చెయ్యమంతారని భయం.”

నేను దడి వైపు చూశాను. అమ్మ ఇంకా అక్కడే ఉంది, పేడ చేతులు గాలిలో పెట్టుకుని. ‘నా కూతురా’ అని ఆ ఒక్క క్షణమైనా అంటుందేమో అని చూశాను. అనలేదు. అనకూడదని అప్పుడు తెలిసింది. పదేళ్లుగా ఆ నోరు అనకుండా పట్టుకున్న మాట అది. ఒక్కసారి జారితే వినేవాడు ఉన్నాడని ఆమె నమ్మకం. మా వీధిలో నాకంటే అబద్ధాలకోరు లేదని నాకు గర్వంగా ఉండేది. ఆ పొద్దున్న నేను గురువుల మధ్య బతుకుతున్నానని అర్థమైంది.

బుట్టలోంచి ఒక చిటికెడు తవుడు తీసి నోట్లో వేసుకున్నాను. నాలుకకి గరుగ్గా, కొంచెం తియ్యగా, చివర్లో చేదుగా ఉంది. దాన్ని మింగి, అరుగు మీద నిలబడి, దక్షిణం వైపు తిరిగి ఊరంతా వినేలా అరిచాను.

“నాను పక్కింటోల గుంటనే! తవుడికి కొన్నారు!”

అమ్మ నవ్వింది. మోచేత్తో కళ్లు తుడుచుకుంటూ, ముక్కు ఎగబీలుస్తూ నవ్వింది. మిగిలిన తవుడు మూడో ఇంటి గేదె తింది. సోమవారం మాస్టారికి ఖాళీ కాగితం తిరిగి ఇచ్చి, మాధురి అనే పేరుకి మా వంశంలో దోషం ఉందని చెప్పాను. వెనక బెంచీ గేదెలు ఆ ఏడాదంతా అరిచాయి. ఎందుకో మరి నాకు వినబడలేదు.

కిందటేడు అమ్మకి జ్వరం ముదిరితే శ్రీకాకుళం ఆసుపత్రిలో చేర్చాను. చిన్నపిల్లలాంటి నర్సు కాగితం పట్టుకుని వచ్చి, అమ్మ మీదికి వంగి నన్ను చూపిస్తూ, “పెద్దమ్మా, ఈవిడ మీకేమవుతారు?” అని అడిగింది. రెండు రోజులుగా పలకని అమ్మ కళ్లు తెరిచింది. దక్షిణపు కిటికీ వైపు ఒకసారి అనుమానంగా చూసి, ఉన్న ఓపికంతా గొంతులోకి తెచ్చుకుంది.

“మాకేటీ కాదు. పక్కింటోల గుంట.”

నర్సు నా వైపు చూసింది. “అవునమ్మా, నన్ను చేటెడు తవుడికి కొన్నారు” అన్నాను. “మీరు భలే కోతలు కోస్తారండీ” అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. నేను చెప్పిన ఇన్ని కథల్లో అదొక్కటే నిజం, అదొక్కటే ఎవరూ నమ్మరు. పోనీలెండి. నమ్మవలసిన ఆయన అమ్మ మాట యాభై ఏళ్లుగా నమ్ముతూనే ఉన్నాడు.