అవ్వ బతుకమ్మా, నా జూమ్ లెన్సూ

కెమెరా చేతిలో ఉన్నవాడు అయినవాళ్ల పరువు పెంచుతాడంటారు. నేను మాత్రం మా అవ్వ పరువు రెండుసార్లు తీశాను. మొదటిసారి చీకట్లో, రెండోసారి వెలుతురులో. చదివి నవ్వుకోండి, కానీ శామీర్‌పేటలో ఎవరికీ చెప్పకండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. జూమ్ లెన్స్ ఉన్న ఫిల్మ్ కెమెరా మెడలో పడేసరికి ఊళ్లో నన్ను మించినవాడు లేడనుకున్నాను. సద్దుల బతుకమ్మ వస్తే మా అవ్వకూ వెనకింటి అనసూయమ్మకూ ఎవరి బతుకమ్మ పొడుగో తేలాల్సిందే. ఆ ఏడు అవ్వ నన్ను పిలిచింది.

"శీనుగా, గీసారి నాదే పెద్దది. మంచిగ ఫొటో దియ్. సూస్తే ఆమె నోరు మూతపడాలె."

"ఫికర్ జెయ్యకవ్వా!"

పొద్దు గూకుతుండగా వెంచర్ వాళ్ల ఖాళీ ప్లాట్లలో ఆడవాళ్లంతా చేరారు. ఫ్లాష్ వేస్తే సాయంత్రం అందం పోతుందని నా పైత్యం. కెమెరాలో వెలుతురు కొలిచే ముల్లును సరిగ్గా మధ్యకు తెచ్చి, ముందు పరీక్షకని పక్కనే ఉన్న అనసూయమ్మను తీశాను. అవ్వ గుంపుకు అవతల ఉంది. నడవడానికి బద్ధకించి, ఉన్నచోటు నుంచే జూమ్ లాగి, ఇంకేమీ మార్చకుండా నొక్కేశాను.

రీలు కడిగించి తెస్తే అనసూయమ్మ ధగధగ. అవ్వా, ఆమె బతుకమ్మా రెండు బొగ్గుముద్దలు.

"థూ, నీ ఫొటో పాడుగాను! ఆమెను మహాలచ్చిమిని జేసి నన్ను మసిగుడ్డను జేస్తివి. ఆమె ఇంట్ల ఏం దిన్నవ్‌రా?"

అవ్వ మాట్లాడటం మానేసింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. దాంతోపాటు బుర్రలో ఒకటే దురద: అదే కెమెరా, అదే సాయంత్రం, మరి ఇదెందుకు ఇట్లా? సున్నం వేసిన గోడకు గురిపెట్టి జూమ్ లాగాను. ముల్లు మెల్లగా కిందికి జారింది! వెనక్కి తిప్పితే లేచింది. అన్నం కూడా మరిచి అదే ఆట. లెన్స్ అంచున 3.5–5.6 అని ఉంటే ఇన్నాళ్లూ మోడల్ నంబరనుకున్నాను. అది వెలుతురు వచ్చే దారి లెక్కట. అంకె పెరిగితే వెలుతురు తగ్గుతుంది. జూమ్ చివరికి లాగేసరికి అంకె 5.6కు ఎక్కి, వెలుతురు సగానికి పైగా పోయిందన్నమాట!

అవ్వను బతిమాలి ఆమె కంటికి కెమెరా ఆనించాను.

"దగ్గరికి గుంజినకొద్దీ ముల్లు పడిపోతాంది, సూడవ్వా."

"అంటే దూరం జూడాల్నంటే గిది నా లెక్కనే కండ్లు సగం మూస్తదా?"

"గంతే!"

"మరి మూయనిది దొరకదారా?"

ఎందుకు దొరకదు? ఎంత లాగినా ఒకే అంకె మీద నిలబడే లెన్సులున్నాయి. మరుసటేడు మేడ్చల్ దోస్తు కాళ్లావేళ్లా పడి ఒకటి తెచ్చాను. రోకలంత బరువు. ఈసారి అవ్వ బతుకమ్మ మీదికి చివరిదాకా లాగినా ముల్లు కదిలితే ఒట్టు! పట్టరాని సంతోషంతో నొక్కాను.

ఫొటోలో తంగేడు పువ్వు రేకులు కూడా లెక్కపెట్టుకోవచ్చు. అవ్వ దాన్ని చూసీ చూడకుండానే కొంగులో పెట్టుకుని అనసూయమ్మ ఇంటికి నడిచింది. వెనక నేను, మెడల్ కోసం.

అనసూయమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది.

"మస్తుగుందక్కా! గిది తంగేడు, గిది గునుగు, గిది బంతి. గీ నడుమ మెరుస్తున్న పువ్వేందక్కా? దాని మీద నూనె కంపెనీ బొమ్మ గూడ ఉన్నది!"

లోపల ఆకులు కూరాల్సిన చోట, ఎత్తు కోసం అవ్వ నూనె డబ్బా నిలబెట్టింది!

అవ్వ ఆమె వైపు చూడలేదు. నా వైపే చూసింది.

"నిరుడు దీసిందే మంచిగుండెరా."

ఆ క్షణమే సూర్యచంద్రుల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: బతుకులో ఇంకెన్నడూ, ఏ బతుకమ్మనూ, వెలుతురు తగ్గని లెన్సుతో తీయను.